చికిత్స పొందిన అక్వేరియం చేప కొనుగోలులో పాటించవలసిన జాగ్రత్తలు

అలంకార చేపలలో తెల్లమచ్చల వ్యాధి ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి వలన కలుగుతుంది. చికిత్స అనంతరం మచ్చలు కనిపించనంత మాత్రాన వ్యాధి నయమైనట్లు భావించరాదు. చర్మపు పైపొర కింద పెరిగే దశపై నీటిలో కలిపిన మందు పనిచేయదు. పెరిగిన పరాన్నజీవి చేపను విడిచి, తొట్టి అడుగున కోశంగా మారి, వందలాది పిల్లజీవులుగా విభజన చెందుతుంది. ఇవి నీటిలో ఈదుతూ మరొక చేపను వెదికే దశలోనే మందుకు లొంగుతాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ జీవితచక్రం సుమారు వారం రోజులలో ముగుస్తుంది. చల్లని నీటిలో మరింత కాలం పడుతుంది.

కావున ఏ వ్యాధికి చికిత్స జరిగింది, మందు ఎప్పుడు ఆపారు, అదే తొట్టిలో చేపలు చనిపోయాయా అనే విషయాలను విక్రేత నుండి తెలుసుకోవాలి. మందు ఇంకా వాడుతున్న తొట్టిలోని చేపను కొనరాదు. మందు ఆపిన పిదప కనీసం రెండు వారాలు మచ్చలు లేకుండా, చురుకుగా మేత తీసుకొంటున్న చేపను కొనవచ్చు. అయినప్పటికీ దానిని మూడు నుండి నాలుగు వారాలు వేరు తొట్టిలో, వేరు వలతో సంరక్షించాలి. కోలుకున్న చేపకు కొంత రోగనిరోధక శక్తి లభిస్తుంది. ఇంటి తొట్టిలోని పాత చేపలకు ఆ రక్షణ ఉండకపోవచ్చు.