నర్సు చదువుకి రెండు దారులు



మా పుట్టిల్లు దొరవారిసత్రం. సంక్రాంతికి వెళితే మా అక్క కూతురు, "పిన్నీ! పురిటిబిడ్డల వార్డులో నర్సుగా చేయాలనుంది, ఏం చదవాలి?" అనడిగింది. బైపీసీ రెండో ఏడు చదువుతోంది. మా అక్క గొడవ వేరు. "నాలుగేళ్ళ డిగ్రీకి మా దగ్గర డబ్బెక్కడిదే? మూడేళ్ళ డిప్లొమాతో సరిపెడితే పిల్ల బతుకంతా అక్కడే ఆగిపోదా?" అంది.

ఈ భయం చాలామంది తల్లులకి ఉంటుందండీ. అందుకే ఈ నాలుగు మాటలూ.

మొదట్లోనే ఫలానా వార్డు అని ఎంచుకునే చదువు కాదిది. బి.యస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళు. దానికి ఇంటర్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. జి.ఎన్.ఎమ్. డిప్లొమా మూడేళ్ళు. ఇందులో ఆర్ట్సు చదివిన పిల్లలూ చేరవచ్చు. ఏది చదివినా అన్ని వార్డుల పనీ నేర్చుకుని, నర్సుల కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి.

ప్రత్యేక విద్య ఆ తర్వాతి మాట. ఏడాది పాటు ఆసుపత్రిలో పనిచేసిన నర్సులకి పసిబిడ్డల సేవలో, ఇంటెన్సివ్ కేర్‌లో, క్యాన్సర్ సేవలో ఒక్క ఏడాది కోర్సులున్నాయి. వాటికి డిప్లొమా నర్సులూ అర్హులే. డిగ్రీయే కావాలంటే, డిప్లొమా తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.యస్సీ. ఉంది. మూడూ రెండూ ఐదు. నేరుగా చదివినదానికంటే ఒక్క ఏడే ఎక్కువ. మధ్యలో నాలుగు రాళ్ళు సంపాదించుకోవచ్చు కూడా. ఆపైన ఎమ్.యస్సీ. రెండేళ్ళు. పాఠాలు చెప్పాలనుకునేవారికి అది పనికొస్తుంది.

అయితే డబ్బు కట్టేముందు రెండు సంగతులు కనుక్కోండి. కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందా? పిల్లలు పని నేర్చుకునే ఆసుపత్రి ఏది, అందులో నిజంగా రోగులుంటారా? మా పక్కింటావిడ ఎవరో మధ్యవర్తి మాట నమ్మి కూతుర్ని ఒకచోట చేర్పించింది. ఆ పిల్ల మూడేళ్ళలో చూసిన కాన్పులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బిడ్డను చేతిలోకి తీసుకోవాలంటే వణికిపోయేదట.

అంతా విని మా అక్క, "అయితే తలుపు మూసుకుపోదన్నమాట" అంది. ఇప్పుడు పిల్ల రెండింటికీ దరఖాస్తులు పెట్టాలనుకుంటోంది. తిరుపతిలో స్విమ్స్ వారి నర్సింగ్ కాలేజీ ఉంది, అక్కడ డిగ్రీ సీటొస్తే సరేసరి. రాకపోతే డిప్లొమా.

మీ ఇంట్లోనూ అలాంటి పిల్ల ఉంటే, దారి కాస్త చుట్టయినా ఫరవాలేదని ధైర్యం చెప్పండి. సెలవు.