మోకాలి గాయం, మాట గాయం

సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లవాడు గుమ్మం దాటాడో లేదో మోకాలు చూపించి భోరుమంటాడు. చూడబోతే గాయం గోరంత. దెబ్బ తగిలింది మధ్యాహ్నం. రక్తం ఎప్పుడో ఆగిపోయింది. మరి ఇప్పుడెందుకీ ఏడుపు?

మన ఇళ్ళలో చాలామంది తొందరపడేది ఇక్కడే. "ఇంత దానికేనా?" అని అబ్బా కసురుతాడు. "లడ్కా హోకే రోతా?" అని చాచా ఎగతాళి చేస్తాడు. నానీ అయితే నేలను రెండు దెబ్బలు కొట్టి, అదిగో చీమ చచ్చిపోయిందంటూ నవ్విస్తుంది. చీమ మాట వరకు మాకు అభ్యంతరం లేదు, పసివాడు నవ్వితే మంచిదే. నేలను కొట్టడం మాత్రం మానుకుంటే మేలు. నొప్పి కలిగించిన దాన్ని కొడితే నొప్పి తీరుతుందని రెండేళ్ళప్పుడు మనమే నేర్పుతాం. ఆరేళ్ళప్పుడు తోటివాణ్ణి కొట్టి వచ్చాడని మనమే కోప్పడతాం. ఇదేం న్యాయం?

ముందు గాయం సంగతి చూద్దాం. మన చేతులు సబ్బుతో కడుక్కుని, గాయం మీద శుభ్రమైన నీళ్ళు ధారగా పోసి, మట్టి, ఇసుక పోయేలా కడగాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టుకోవాలి. మధ్య మధ్యలో తీసి చూస్తే రక్తం ఆగదు. కాఫీపొడి, సున్నం, బూడిద వంటివి పెట్టకూడదు. ధనుర్వాతం టీకాలు సకాలంలో పడ్డాయో లేదో కార్డు తీసి చూసుకోవాలి. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు వాంతులు చేసుకున్నా, మగతగా పడి ఉన్నా, తికమకగా మాట్లాడినా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

ఇంకొక మాట. దెబ్బ తగిలినప్పుడల్లా తిట్లు తిన్న పిల్లవాడు తర్వాత దెబ్బలను దాచడం నేర్చుకుంటాడు. మోకాలు గీరుకుంటే దాచినా ఫర్వాలేదు. కుక్క కరిచిన సంగతి దాస్తే? రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కుక్క పన్ను గీరుకున్నా సరే, పదిహేను నిమిషాలు సబ్బు నీళ్ళతో కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టించి, అన్ని మోతాదులూ పూర్తి చేయించాలి. బిడ్డ భయం లేకుండా వచ్చి చెప్పే ఇంట్లోనే ఇదంతా సాధ్యం.

ఏడుపును ఆపడం మగతనమనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. పసికందు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కంటతడి పెట్టారు. అది కారుణ్యమని వివరించారు కూడా. హజ్రత్ అనస్ (రజి) చిన్నారి తమ్ముడు అబూ ఉమైర్ ఒక పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉంటే, ప్రవక్త (స) అతణ్ణి పెద్దమనిషిని పిలిచినట్టు 'అబూ ఉమైర్' అని పిలిచి, నీ పిట్ట ఏమైందని అడిగారు. అరబ్బుల నాయకుడు ఒక పిట్ట గురించి పసివాణ్ణి వాకబు చేయడం! మనం మన బిడ్డను అలా అడుగుతున్నామా?

అడిగితేనే అసలు విషయం బయటికి వస్తుంది. మాకు తెలిసిన రెండో తరగతి బాబు మూడు రోజులు వరసగా మోకాలి నొప్పి అన్నాడు. నాలుగో రోజు వాళ్ళమ్మ అన్నం తినిపిస్తూ, పడ్డప్పుడు పక్కన ఎవరున్నారు నాన్నా అని అడిగింది. అప్పుడు చెప్పాడు. పడితే ఎవరూ లేపలేదట. పైగా అతని తెలుగు యాసను వెక్కిరిస్తూ నవ్వారట. ఆటలోకి రావద్దన్నారట. మోకాలు ఎప్పుడో మానిపోయింది. మానంది ఇది.

టోపీ మీద, టిఫిన్ డబ్బా మీద, యాస మీద, ఒంటి రంగు మీద మాటలు పడటం మన పిల్లలకు కొత్త కాదు. చెప్పుకోవడానికి మాత్రం జంకుతారు. దానికి కొంత కారణం మనమే. పరోక్షంగా ఒకరి గురించి చెడు చెప్పడం గీబత్ అని మనం నేర్పాం, అది నిజమే. కాని అన్యాయానికి గురైనవాడి మొర వేరు. సూరె నిసా 148వ ఆయతు ఆ మినహాయింపు ఇచ్చింది. భర్త ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడం లేదని హింద్ (రజి) వచ్చి చెప్పుకుంటే ప్రవక్త (స) అది గీబత్ అనలేదు, దారి చూపారు. సబ్ర్ అంటే నోరు మూసుకుని పడి ఉండటం కాదని పసివాడికి తెలియాలి.

ఇంట్లో ఆటలా అభ్యాసం చేయించవచ్చు. మీరు వెక్కిరించే పిల్లవాడిగా నటించండి. బిడ్డ తలెత్తి, "నన్నలా పిలవకు, నా పేరు ఫలానా" అని చెప్పి అక్కడి నుంచి వెళ్ళిపోవాలి. మళ్ళీ మళ్ళీ జరిగితే టీచరుకు చెప్పాలి. మనం కూడా వెళ్ళి టీచరుతో నెమ్మదిగా మాట్లాడాలి. ఆ పిల్లల తల్లిదండ్రుల మీదికి గేటు దగ్గరే తగవుకు పోతే మర్నాడు మన బిడ్డే మరింత ఒంటరి అవుతాడు. అదే తరగతిలో ఒక మంచి పిల్లవాణ్ణి, ఏ మతంవాడైనా సరే, ఇంటికి పిలిచి సేమ్యా పెట్టండి. ఒక్క స్నేహితుడున్నా బడి బరువు సగం తగ్గుతుంది. బిడ్డ అన్నం మానేసినా, పక్క తడుపుతున్నా, బడి పేరెత్తితే కడుపునొప్పి అంటున్నా ఇక ఆలస్యం చేయకూడదు.

వెక్కిరించేది టీచరే అయితే? విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ప్రధానోపాధ్యాయునికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. 2012 సవరణ ప్రకారం ఆ చట్టం మదర్సాలకు వర్తించదు. అయితేనేం, పదేళ్ళు సేవ చేసిన తనను ప్రవక్త (స) ఒక్కసారి కూడా 'ఉఫ్' అనలేదన్న అనస్ (రజి) మాట మా మదర్సా ఉస్తాదులందరికీ వర్తిస్తుంది.

సూరె హుజురాత్ పదకొండో ఆయతు ఎగతాళిని, అవమానకరమైన మారుపేర్లను వారించింది. దాన్ని పిల్లలకు కంఠస్థం చేయించి, మనమే ఇంట్లో ఒకణ్ణి 'కాలూ' అనీ, ఇంకొకణ్ణి 'మోటూ' అనీ, నత్తి ఉన్నవాణ్ణి 'హక్లా' అనీ ముద్దుగా పిలుస్తుంటాం. ఆ పిల్లలు రేపు బడిలో ఇంకొకరికి అవే పేర్లు పెడతారు. కనుక ఈ సాయంత్రం బిడ్డను అడిగేటప్పుడు, నిన్నెవరైనా ఏమైనా అన్నారా అని మాత్రమే కాకుండా, నువ్వెవరినైనా ఏమైనా అన్నావా అని కూడా అడగండి.