ఆస్పిరిన్: గుండెకు రక్ష, కడుపుకు పరీక్ష

ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఔషధం ఆయన కారుణ్యాలలో ఒకటి. దానిని ఎవరు, ఎంత, దేనితో కలిపి వాడుతున్నారో తెలుసుకుని మెలగడం కూడా ఆ అమానతును కాపాడుకోవడంలో భాగమే. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, పక్షవాతం బారిన పడినవారు ఉన్న ఇళ్లలో రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర వాడటం సాధారణం. గుండెను కాపాడే ఈ మాత్రే కొందరి కడుపులో పుండ్లకు, రక్తస్రావానికి కారణమవుతుంది. ఆ ముప్పు ఎవరికి ఎక్కువో చాలావరకు ముందుగానే గుర్తించవచ్చు.

హాని ఎలా కలుగుతుంది?

జీర్ణాశయంలో ఊరే ఆమ్లం దాని గోడలను తినివేయకుండా ఒక జిగురుపొర అడ్డు నిలుస్తుంది. ఆ పొరను పోషించేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఆస్పిరిన్ వాటి ఉత్పత్తిని అణచివేస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో వెల్లడించారు. అంతేకాదు, రక్తాన్ని గడ్డకట్టనీయని గుణం వల్లనే ఆస్పిరిన్ గుండెకు మేలు చేస్తుంది. కడుపులో పుండు పడితే అదే గుణం రక్తస్రావాన్ని ఆగనీయదు. పేగులలో కరిగేలా పైపూత వేసిన మాత్రలతో కూడా ఈ ముప్పు తొలగిపోదు. ఎందుకంటే ఆస్పిరిన్ రక్తంలో కలిసిన తరువాత కూడా జీర్ణాశయంపై ప్రభావం చూపుతుంది.

ఎవరికి ముప్పు ఎక్కువ?

1. గతంలో కడుపులో పుండు పడినవారికి, రక్తస్రావం జరిగినవారికి. అందరికన్నా వీరికే ప్రమాదం ఎక్కువ.

2. 60 ఏళ్లు దాటినవారికి. వయసుతోపాటు ముప్పు పెరుగుతుంది.

3. కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి ఉన్నవారికి. మన దేశంలో ఇది చాలామందిలో ఉంటుంది. శ్వాస లేదా మల పరీక్షతో గుర్తించి, మందులతో నిర్మూలించవచ్చు.

4. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు కూడా వాడేవారికి.

5. పొగ, మద్యం అలవాటు ఉన్నవారికి.

6. ఆస్పిరిన్‌తోపాటు నొప్పి మాత్రలు వేసుకునేవారికి.

ఈ చివరి అంశం మన ఇళ్లలో తరచూ మరుగున పడుతోంది. రుకూ, సజ్దాలలో మోకాళ్లు సహకరించక పెద్దలు మందుల దుకాణంలో డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ అడిగి తెచ్చుకుంటారు. ఆస్పిరిన్‌తో ఇవి కలిస్తే కడుపుకు రెట్టింపు దెబ్బ. పైగా ఐబుప్రొఫెన్ ఆస్పిరిన్ గుండెకు చేసే మేలును సైతం తగ్గించగలదు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయడానికి ధర్మం అనుమతించింది. ఆ వెసులుబాటును స్వీకరించడం లోపం కాదు. నొప్పికి ఏ మందు తగినదో వైద్యుడే చెప్పాలి.

నొప్పి లేకున్నా ప్రమాదమే

పెద్దలలో ఈ పుండ్లు నొప్పి లేకుండానే రక్తం కార్చవచ్చు. మలం తారులా నల్లగా రావడం, వాంతిలో రక్తం లేదా కాఫీపొడి వంటి నలుసులు కనిపించడం, కళ్లు తిరగడం, కారణం తెలియని నీరసం, ఆయాసం ప్రమాద సూచనలు. రక్తపు వాంతి, నల్లని మలం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

సొంతంగా మానవద్దు, మొదలుపెట్టవద్దు

ఇది చదివి భయంతో మాత్ర మానేయడం మరింత ప్రమాదకరం. స్టెంటు ఉన్నవారిలో రక్తం గడ్డకట్టి ప్రాణాంతకం కావచ్చు. ముప్పు ఉన్నవారికి పాంటోప్రజోల్ వంటి ఆమ్లాన్ని తగ్గించే మందును వైద్యులు జతచేస్తారు. అలాగే, గుండెజబ్బు లేని వృద్ధులు ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టడం తగదు. 19 వేల మందికి పైగా వృద్ధులపై జరిగిన ‘ఆస్ప్రీ’ అధ్యయనం 2018లో ఇదే తేల్చింది: గుండెకు చెప్పుకోదగ్గ మేలు జరగలేదు, తీవ్ర రక్తస్రావాలు మాత్రం పెరిగాయి.

రమజాన్‌కు ముందే వైద్యుని కలిసి మాత్ర వేళను నిర్ణయించుకోవాలి. చాలామందికి ఇఫ్తార్ భోజనం తరువాత వేసుకునే వీలుంటుంది. ఉపవాసం వద్దని వైద్యుడు చెబితే, రోగులకు దివ్య ఖుర్ఆన్ (అల్ బఖరా: 184) ఇచ్చిన సడలింపు ఉండనే ఉంది.

తల్లిదండ్రుల సేవ అంటే అన్నం పెట్టడం మాత్రమే కాదు. ఈ వారమే వారి మందుల డబ్బా తెరిచి, అందులోని ప్రతి మాత్ర పేరూ ఒక కాగితంపై రాసి వైద్యునికి చూపించండి. అల్లాహ్ మన పెద్దలకు ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక! ఆమీన్.