గొడుగంటే నామోషీ ఎందుకండీ?

పోయిన శ్రావణంలో మా కుర్రోళ్ళం ఐదుగురం మారేడుమిల్లి అడవిలో నడుద్దామని బండ్ల మీద బయల్దేరాం. రంపచోడవరం దాటేసరికి వాన అందుకుంది. బళ్ళు ఆపి నడక మొదలెట్టినప్పుడు నలుగురూ రెయిన్‌కోట్లు తొడిగారు. నేను సంచీలోంచి మా తాతయ్య నల్లగొడుగు తీశాను. "ఏరా, పేరంటానికొచ్చావా?" అని ఒకటే నవ్వులు.

గంట నడిచాక చూస్తే వాళ్ళ చొక్కాలు లోపల్నుంచే తడిసి ముద్దయ్యాయి. వేడన్నం గిన్నె మీద మూత పెడితే లోపల నీళ్ళు పడతాయి కదా, ఇదీ అంతే. కొండెక్కుతుంటే ఒళ్ళు వేడెక్కి చెమట పడుతుంది. ఆ ఆవిరి బయటికి పోలేక, వానకి చల్లబడ్డ కోటు లోపల నీరైపోతుంది. గొడుగు కిందైతే నాలుగు పక్కలా గాలాడుతుంది. మోకాళ్ళ కింద తడుస్తాం, అది ఒప్పుకోవాల్సిందే.

ఎండాకాలం దీని అవసరం ఇంకా ఎక్కువ. పేపర్లో 44 డిగ్రీలని రాస్తారే, అది నీడలో పెట్టిన థర్మామీటరు లెక్కండీ. ఎండలో నడిచేవాడికి ఆ వేడి గాలితో పాటు సూర్యుడి తాపం నేరుగా తగులుతుంది. గొడుగు గాలిని చల్లబరచదు గానీ ఆ రెండోదాన్ని ఆపుతుంది. నల్లగుడ్డ తనే కాలుతుంది కాబట్టి తలకి ఆనించకుండా కాస్త పైకి పట్టుకోవాలి. పైన వెండిపూత ఉన్నదైతే ఎండని తిప్పికొడుతుంది. అమెరికాలో 4 వేల కిలోమీటర్లు దాటిన పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్ నడిచిన రే జార్డిన్ అనే ఆయన 1990ల్లోనే గొడుగు పట్టుకెళ్ళండని పుస్తకం రాసి మరీ చెప్పాడు. గొడుగు కాడని సంచీ పట్టీకి కట్టేసి చేతులు ఖాళీగా ఉంచుకుని నడిచేవాళ్ళూ ఉన్నారు.

అదేమంత కొత్త తెలివి కాదులెండి. మన చేలల్లో తాటాకు గిడుగు ఉండేది. తల మీంచి వీపు మీదకి బోర్లించుకుంటే చేతులు రెండూ పనికి ఖాళీ. (వాడుక భాషకి కాపు కాసిన రామ్మూర్తి పంతులుగారి ఇంటిపేరూ గిడుగే, చూశారా!) ఇప్పుడా గిడుగు పోయి బరకం ముక్క వచ్చింది, దానికింద మళ్ళీ అదే ఉక్క.

అన్నిచోట్లా గొడుగు పనికొస్తుందని నేననను. గుడిస లాంటి బోసికొండ మీద గాలి లాగిందంటే ఊచలు తిరగబడతాయి. చేతులతో పట్టుకుని ఎక్కే చోటా, ముళ్ళపొదల దారిలోనూ కోటే మేలు. బండి వెనకాల కూర్చుని మాత్రం ఎప్పుడూ తెరవకండి. గాలి పట్టిందంటే మనిషినే లాగి రోడ్డు మీద పడేస్తుంది.

ఉరుము వినబడిందా, గొడుగు మూసెయ్యాలి. బయల్లో అందరికన్నా ఎత్తుగా ఉన్నది మనమే, పైగా చేతిలో ఇనప కాడ! అలాగని చెట్టుకిందకీ పోకూడదు. పక్కా ఇల్లో, తలుపులేసిన కారో చూసుకోవాలి. ఆఖరి ఉరుము తరవాత అరగంట ఆగాలి. పిడుగుల కబురు ముందే చెప్పే దామిని యాప్ ఫోన్లో ఉంటే మంచిది.

ఆ రోజు ఉరుముల్లేవు కాబట్టి సరిపోయింది. తిరిగొచ్చేటప్పుడు పేరంటం అన్నోడే కోటు విప్పి చంకలో పెట్టుకుని నా గొడుగు కిందకి దూరాడు. ఇద్దరికీ చాలక చెరో భుజం తడిసింది.