విద్యుత్ కారులో చిన్న బ్యాటరీ: వోల్టేజి అంకెను ఎలా చదవాలి

పెద్ద బ్యాటరీలో ఎనభై శాతం ఛార్జింగ్ ఉంటుంది. అయినా రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోదు. లోపలి తెర వెలగదు. కారు కదలదు. ఇలా జరిగినప్పుడు మెకానిక్ వచ్చి ముందుగా చూసేది మరో బ్యాటరీని. చాలా కార్లలో అది బోనెట్ కింద ఉంటుంది. పెట్రోలు కారులో ఉన్నట్టే పన్నెండు వోల్టులది. దాని వోల్టేజిని ఇప్పుడు చాలామంది యజమానులు సొంతంగానే చూసుకుంటున్నారు. ఫోను యాప్‌లోనో, చిన్న మల్టీమీటర్ (వోల్టేజిని కొలిచే చేతి పరికరం) మీదో ఒకరోజు 12.3 కనిపిస్తుంది. ఇంకోరోజు 14.4 కనిపిస్తుంది. ఏది మంచిది, ఏది చెడ్డది? అంకె ఒక్కదాన్నే చూస్తే జవాబు దొరకదు. ఆ అంకె తీసినప్పుడు కారు ఏ స్థితిలో ఉందో కూడా తెలియాలి.

ముందు, రెండో బ్యాటరీ ఎందుకో చూద్దాం. కారును నడిపే పెద్ద బ్యాటరీ చాలా మోడళ్లలో 300 నుంచి 400 వోల్టుల మధ్య ఉంటుంది. కొన్నింటిలో 800 వోల్టుల దాకా వెళ్తుంది. ఇది మనిషి ప్రాణం తీయగల వోల్టేజి. అందుకే కారు ఆపగానే పెద్ద బ్యాటరీని మిగతా కారు నుంచి పూర్తిగా విడదీస్తారు. ఆ పని చేసేవి కాంటాక్టర్లు (ఎక్కువ వోల్టేజి తీగలను కలిపే, విడదీసే పెద్ద స్విచ్చులు). అవి మళ్లీ కలవాలంటే వాటి తీగచుట్టకు పన్నెండు వోల్టుల కరెంటు అందాలి. ఆ కరెంటు చిన్న బ్యాటరీ నుంచే వస్తుంది. తలుపు తాళాలు, దీపాలు, కారులోని చిన్న చిన్న కంప్యూటర్లు కూడా దాని మీదే ఆధారపడతాయి. అది దిగిపోతే పెద్ద బ్యాటరీలో ఎంత శక్తి ఉన్నా బయటికి వచ్చే దారి లేదు.

కాంటాక్టర్లు కలిశాక పాత్రలు మారతాయి. డీసీ–డీసీ కన్వర్టర్ (ఎక్కువ వోల్టేజిని పన్నెండు వోల్టుల స్థాయికి దించే పరికరం) పని మొదలుపెడుతుంది. అప్పటి నుంచి దీపాలకూ కంప్యూటర్లకూ కరెంటు పెద్ద బ్యాటరీ నుంచే వస్తుంది. చిన్న బ్యాటరీకి కూడా ఛార్జింగ్ ఎక్కుతుంది. పెట్రోలు కారులో ఆల్టర్నేటర్ చేసే పని ఇదే.

పెట్రోలు కారులో బ్యాటరీ బలహీనపడితే ముందే తెలిసిపోతుంది. పొద్దున్నే తాళం తిప్పితే ఇంజన్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరుగుతుంది. అది విన్నవాడు ఆ వారమే బ్యాటరీ షాపుకు వెళ్తాడు. విద్యుత్ కారులో ఆ చప్పుడు లేదు. చిన్న బ్యాటరీ మీద వందల ఆంపియర్ల భారం ఎప్పుడూ పడదు. నిన్నటి దాకా మామూలుగా లేచిన కారు ఇవాళ లేవకపోవచ్చు. కొన్ని కార్లు తెర మీద హెచ్చరిక చూపిస్తాయి. కానీ అది చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. మనకు ముందుగా అందే సంకేతం వోల్టేజి ఒక్కటే. ఇప్పుడు దాన్ని గమనించే అవసరం పెరుగుతోంది. టాటా నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో వచ్చింది. తెలంగాణ 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము ఎత్తేసింది. చిన్న బ్యాటరీ ఎక్కువ కార్లలో సీసం–ఆమ్లం రకం. అది మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తుంది. అంటే తొలి తరం కార్లలో చిన్న బ్యాటరీలు మార్చాల్సిన వయసు వచ్చేసింది. కొత్తగా కొన్నవారికి కూడా ఆ వయసు త్వరలోనే వస్తుంది.

ఇక అంకెలు. సీసం–ఆమ్లం బ్యాటరీలో ఆరు గదులు (సెల్స్) వరుసగా ఉంటాయి. నిండుగా ఉన్న ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరింటికీ కలిపి 12.6. కాబట్టి కారు నిద్రలో ఉండి, బ్యాటరీ కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక 12.6 కనిపిస్తే అది నిండు బ్యాటరీ. 12.4 అంటే దాదాపు ముప్పావు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు. 11.8 దగ్గర దాదాపు ఖాళీ. పేరు పన్నెండు వోల్టుల బ్యాటరీ కాబట్టి 12.0 చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. నిజానికి అప్పటికే ముప్పావు వంతు దిగిపోయింది. నిండుకూ ఖాళీకీ మధ్య తేడా ఒక్క వోల్టు కూడా లేదు. అందుకే ఇక్కడ దశాంశం తర్వాతి అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. 10.5 దగ్గర అంకె నిలిచిపోయి, ఛార్జింగ్ పెట్టినా పైకి రాకపోతే ఒక గది పూర్తిగా పోయిందని అనుమానించాలి. మిగిలిన ఐదు గదులను 2.1తో గుణిస్తే వచ్చేది అదే. ఆ బ్యాటరీని మార్చడమే దారి.

ఈ లెక్క విశ్రాంతిలో ఉన్న బ్యాటరీకి మాత్రమే. కారు తలుపు తీయగానే కంప్యూటర్లు లేస్తాయి, దీపాలు వెలుగుతాయి, పంపులు తిరుగుతాయి. వోల్టేజి 12.2కో ఇంకా కిందికో జారుతుంది. ఇది భారం మోస్తున్న బ్యాటరీ అంకె. దాన్ని పై లెక్కతో పోల్చి సగమే ఉందని భయపడనక్కర్లేదు. అయితే విశ్రాంతిలో 12.6 చూపించిన బ్యాటరీ తలుపు తీయగానే 11 కిందికి పడిపోతే అది ముసలిదైనట్టు. దాని అంతర నిరోధం (కరెంటు బయటికి రాకుండా లోపలే కలిగే అడ్డు) పెరిగింది. విశ్రాంతి అంకె మాత్రమే చూసేవారికి ఈ జబ్బు కనిపించదు.

కారు నడిచే స్థితిలోకి వచ్చాక మరో అంకె వస్తుంది. చాలా కార్లలో 13.5 నుంచి 14.8 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అది బ్యాటరీది కాదు, కన్వర్టర్‌ది. నీళ్ల మోటారు నడుస్తున్నప్పుడు కుళాయి ధార చూసి ట్యాంకులో నీళ్లెన్నో చెప్పలేం. 14.4 చూసి బ్యాటరీ బాగుందనుకోవడం అలాంటిదే. ఆ అంకె చెప్పేది ఒక్కటే: ఛార్జింగ్ పరికరం పనిచేస్తోంది. కారు ఆపిన కొంతసేపటి దాకా కూడా 12.9, 13 లాంటి అంకెలు కనిపిస్తాయి. అది బ్యాటరీ లోపలి సీసం పలకల పైపొరలో మిగిలిన ఛార్జి. కొన్ని గంటల్లో తగ్గిపోతుంది.

ఛార్జింగ్ అంకె రోజుకొకలా ఉన్నా కంగారు పడొద్దు. వేడిలో సీసం బ్యాటరీకి తక్కువ వోల్టేజి చాలు. చలిలో ఎక్కువ కావాలి. డిసెంబరు ఉదయాన ఆదిలాబాద్‌లో 14.5 చూపించిన కారు మే నెలలో రామగుండంలో 13.7 చూపిస్తే అది దోషం కాదు. కంప్యూటర్ కావాలనే తగ్గిస్తోంది. నిస్సాన్ లీఫ్ కొంతసేపటికే 13 వోల్టుల దగ్గరకు దిగుతుంది. వైపర్లు వేస్తే మళ్లీ 14 దాటుతుంది. అమెరికాలో ఈ కారు వాడే తెలుగువాళ్లు కూడా దీన్ని చూసి కన్వర్టర్ చెడిందనుకోనక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. ఇవన్నీ మామూలు సీసం–ఆమ్లం బ్యాటరీ అంకెలు. ఏజీఎం రకం (ఆమ్లాన్ని గాజునార చాపలో పీల్చి ఉంచే బ్యాటరీ) నిండుగా ఉంటే 12.8 పైన చూపిస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం నిండినప్పుడు 13.3 దగ్గర ఉంటుంది. చాలావరకు ఖాళీ అయ్యేదాకా అక్కడక్కడే తిరుగుతుంది. కాబట్టి దానిలో వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. టెస్లా 2021 నుంచి కొత్త కార్లలో సీసం బ్యాటరీ స్థానంలో లిథియం అయాన్ రకం పెడుతూ వచ్చింది. అది 15 వోల్టుల పైన ఉంటుంది. మీ కారులో ఏ రకం ఉందో బ్యాటరీ మీది చీటీలో చూసుకున్నాకే పోల్చండి.

సరైన అంకె కావాలంటే కొంచెం ఓపిక పట్టాలి. కారును లాక్ చేసి, తాళంచెవిని దూరంగా పెట్టి, కనీసం మూడు నాలుగు గంటలు వదిలేయండి. రాత్రంతా వదిలితే ఇంకా మంచిది. తలుపు తీస్తేనే బోనెట్ తెరుచుకునే కార్లలో ముందు రోజే బోనెట్ మీట లాగి ఉంచాలి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల దగ్గర పెట్టి ఎర్రపుల్లను ప్లస్‌కు, నల్లపుల్లను మైనస్‌కు ఆనించాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే మీటర్లు తీగల దారిలో కొంత వోల్టేజి పోగొట్టుకుని తక్కువ చూపిస్తాయి. చేతి ఉంగరం, లోహపు గడియారం ముందే తీసేయండి. రెండు కొనల మధ్య లోహం తగిలితే నిప్పురవ్వలు వస్తాయి, చర్మం కాలుతుంది. నారింజరంగు తీగల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి పెద్ద బ్యాటరీవి.

బ్యాటరీ ఎందుకు దిగుతుంది? నిద్రలో ఉన్న కారు కూడా కొంచెం కొంచెం తాగుతుంది. 50 మిల్లీఆంపియర్లు అనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్–గంటలు. 45 ఆంపియర్–గంటల బ్యాటరీ పంతొమ్మిది రోజుల్లో సగానికి వస్తుంది. పిల్లల్ని చూడటానికి రెండు మూడు నెలలు విదేశాలకు వెళ్లే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎందరో. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వదిలిన కారు వాళ్లు తిరిగొచ్చేసరికి లేవకపోవడానికి కారణం ఈ లెక్కే. కొన్ని కార్లు మధ్యమధ్యలో లేచి పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి ఛార్జింగ్ ఎక్కించుకుంటాయి. పెద్ద బ్యాటరీ బాగా తగ్గితే కొన్నింటిలో ఆ ఏర్పాటు ఆగిపోతుంది. మీ కారు ఏం చేస్తుందో మాన్యువల్ చూసి ప్రయాణం పెట్టుకోండి. ఫోను యాప్ కోసం డయాగ్నస్టిక్ సాకెట్‌లో పెట్టే చిన్న పరికరం ఉంటే తీసేయండి. అది కారును నిద్రపోనివ్వకపోవచ్చు. అప్పుడు వాడకం మిల్లీఆంపియర్లలో కాదు, ఆంపియర్లలో ఉంటుంది. ఒక్క రాత్రి చాలు.

సగం దిగిన బ్యాటరీని వారాల తరబడి అలాగే ఉంచితే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్వపు సత్తా రాదు. వేడి కూడా ఆయుష్షు తగ్గిస్తుంది. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగమవుతుందని బ్యాటరీ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. రెంటచింతల ఎండలో నిలిపే కారుకు ఐదేళ్లు వస్తాయని ఆశించకపోవడం మేలు.

కొన్నిసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది, దానికి ఛార్జింగ్ ఎక్కించే పరికరమే చెడుతుంది. 2024లో హ్యుందాయ్, కియా కంపెనీలు అమెరికాలో లక్షకు పైగా కార్లను వెనక్కి పిలిచింది ఇందుకే. వాటిలో కన్వర్టర్ ఉండే ఐసీసీయూ అనే భాగం దెబ్బతిని చిన్న బ్యాటరీకి ఛార్జింగ్ ఆగిపోవచ్చు. అదే ఏడు భారత్‌లో 1,744 అయోనిక్ 5 కార్లను కూడా పిలిచారు. దీన్ని కనిపెట్టడం సులభం. కారు నడిచే స్థితిలో ఉన్నా అంకె 13 దాటకుండా, నిమిషనిమిషానికీ దిగుతూ ఉంటే తప్పు బ్యాటరీలో కాదు. అప్పుడు దూరప్రయాణం మానుకుని సర్వీసుకు ఫోన్ చేయాలి. బ్యాటరీ మారిస్తే కొత్తది కూడా కొద్దిసేపట్లోనే దిగిపోతుంది.

ఇక కారు లేవనే లేకపోతే? చాలా విద్యుత్ కార్లకు మరో కారు బ్యాటరీ నుంచి తీగలు కలిపి ప్రాణం పోయవచ్చు. కాంటాక్టర్లు కలిసేంత కరెంటు అందితే చాలు, మిగతాది కన్వర్టర్ చూసుకుంటుంది. ఏ కొనకు ఏ తీగ కలపాలో మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. మీ విద్యుత్ కారుతో పక్కవాళ్ల పెట్రోలు కారును లేపడం మాత్రం వేరు. దాని స్టార్టర్ ఒక్కసారిగా వందల ఆంపియర్లు లాగుతుంది. చాలా కంపెనీలు మాన్యువల్‌లో దీన్ని వద్దనే చెబుతాయి.