దమ్మామ్ ఉక్కపోతలో కుటుంబ ఎస్‌యూవీ

దమ్మామ్, ఖోబర్, జుబైల్‌లలో కాపురముంటున్న తెలుగువారు ఎస్‌యూవీ కొనేముందు తరచుగా అమెరికా సమీక్షలు చదువుతారు. కన్స్యూమర్ రిపోర్ట్స్ వంటి సంస్థలు సభ్యుల అనుభవాలను క్రోడీకరించి ఇచ్చే విశ్వసనీయతా సూచికలు తప్పని కాదు. కాని అవి ఎక్కువగా సమశీతోష్ణ ప్రాంతాలలో తిరిగిన బండ్లవి. విశ్వసనీయత బండి ఒక్కదాని గుణం కాదు. అది తిరిగే గాలికి కూడా అందులో వాటా ఉంది.

దమ్మామ్ గాలి ఎటువంటిదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. పక్కనున్న ధహ్రాన్‌లో 2003 జూలై 8న, ఉష్ణోగ్రత 42 డిగ్రీలున్న వేళ, డ్యూ పాయింట్ 35 డిగ్రీలుగా నమోదైంది. అంటే గాలిని 35కు చల్లబరచగానే అందులోని ఆవిరి నీరుగా మారుతుందన్నమాట. ప్రపంచ రికార్డుగా తరచు ఉదాహరించేది దీనినే.

దీని మొదటి దెబ్బ ఏసీ మీద. రియాద్‌లో 46 డిగ్రీల పొడి ఎండను తట్టుకున్న బండి ఇక్కడ 40కే చతికిలబడితే చాలామంది కంప్రెసరును శంకిస్తారు. నిజానికి ఒక కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు దాదాపు 2,400 కిలోజౌళ్ల గుప్తోష్ణం వదులుతుంది. అదే కిలో నీటిని పది డిగ్రీలు చల్లబరచడానికి 42 చాలు. మూడు వరుసల సీట్లున్న బండిలో ఏసీ శక్తిలో పెద్ద భాగం నీటిని పిండడానికే ఖర్చవుతుంది. పైగా రేడియేటరు ముందుండే కండెన్సరు రేకుల మధ్య తేమకు తడిసిన దుమ్ము అట్టకడుతుంది. సనాయాలో కంప్రెసరు మార్చమనేలోగా కండెన్సరును నీళ్లతో కడిగించి చూడడం మేలు.

బ్యాటరీ రెండు మూడు వేసవులకు మించి బతకదన్నది ఇక్కడ అందరికీ తెలిసిందే. టైరు అరగకపోయినా ముసలిదవుతుంది. పక్క గోడమీది నాలుగంకెలు 2319 అయితే అది 2019లో 23వ వారం తయారైనదని అర్థం.

ఇవన్నీ ముందుగా ఏదో ఒక సూచన ఇస్తాయి. ఏ సూచనా ఇవ్వనిది ఎయిర్‌బ్యాగ్. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులను ఉబ్బించడానికి అమోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి తేమకు, పగటి వేడికి, రాత్రి చల్లదనానికి లోనై ఆ మందు చెడుతుంది. ప్రమాద సమయంలో మండవలసిన దానికన్నా వేగంగా మండి, లోహపు డబ్బానే పేల్చి ముక్కలను ముఖం మీదికి చిమ్ముతుంది. అందుకే అమెరికాలో రీకాల్ ప్రాధాన్యం ఫ్లోరిడా వంటి వేడి, తేమగల రాష్ట్రాలకు దక్కింది. 2008లో హోండాతో మొదలైన రీకాళ్లు ఎన్నో కంపెనీలకు పాకాయి. 2017లో తకాటా దివాలా తీసింది. సీఆర్‌వీ, పైలట్ వంటి కుటుంబ బండ్లూ ఆ జాబితాలో ఉన్నాయి. నమ్మకానికి పేరుమోసినవే!

ఎగ్జిట్ మీద వెళ్లిపోయేవారి నుంచి పాత బండి కొనేటప్పుడు ఈ విషయం ముఖ్యం. ఫహస్‌లో బ్రేకులు, టైర్లు, పొగ చూస్తారు. డబ్బాలోపలి మందు ఎవరి కంటికీ కనబడదు. ఇస్తిమారాలోని 17 అక్షరాంకెల చాసిస్ నంబరును సౌదీ వాణిజ్య మంత్రిత్వశాఖ రీకాల్ వెబ్‌సైటులో వెతికితే పెండింగు రీకాళ్లు తెలుస్తాయి. మరమ్మతు డీలరు ఉచితంగా చేస్తాడు. బేరం కుదరకముందే అమ్మేవారిని ఆ నంబరు అడిగి తీసుకోవచ్చు.