అతిశీతల ప్రదేశములలో వేట తుపాకికి వాడదగిన కందెన

ఇరుసుకు కందెన యెంత దండిగా వేసిన బండి యంత సులువుగా సాగునని రైతుల నమ్మకము. బండి విషయమున నీ నమ్మకమువలన పెద్ద నష్టము లేదు. తుపాకి విషయమున, అందునను నీరు రాయివలె గట్టిపడు శీతల దేశములలో, ఇదే నమ్మకము ప్రాణాపాయమునకు దారితీయును. తుపాకి లైసెన్సు గల రైతులలో పలువురు ఆయుధమును నూనెతో తడిపి యుంచుటయే జాగ్రత్త యని తలచుదురు. కెనడా దేశపు ఉత్తర భాగమునందలి వేటగాండ్రు దీనికి విరుద్ధముగా నేల నడచుకొందురో, వారు ఎట్టి కందెనను ఎంచుకొందురో ఇందు వివరింపబడుచున్నది.

ఆ ప్రాంతపు చలి యెట్టిదో మొదట తెలిసికొనవలెను. యూకాన్ ప్రాంతమున స్నాగ్ అను చోట 1947 ఫిబ్రవరి 3వ తేదీన ఉష్ణమానము సున్నకు దిగువ 63 సెంటిగ్రేడు డిగ్రీలకు పడిపోయెను. అంత చలి అరుదే గాని, సున్నకు దిగువ 30, 40 డిగ్రీలు ఉత్తర కెనడాలో శీతకాలమున వింత గాదు. సున్నకు దిగువ 39 డిగ్రీల దగ్గఱ ఉష్ణమాపకములోని పాదరసమే గడ్డకట్టును. ఇట్టి చోట నివసించు ఇన్యూయిట్ జనులకు వేట వినోదము గాదు. అక్కడి నేల పైరు పండదు. కారిబూ అను మంచుజింకయు, సీలు అను జలజంతువును వారికి ఆహారము. ధ్రువపు తెల్ల ఎలుగుబంటి యెదురుపడినప్పుడు తుపాకి పేలకపోయినచో రెండవమాఱు మీట నొక్కుటకు వ్యవధి చిక్కదు.

తుపాకి పేలకపోవుటకు కారణ మిది. మీట నొక్కగానే, బిగించి యుంచిన కమాను విడివడి యొక సూదిని ముందునకు తోయును. ఆ సూది తోటా వెనుకనున్న టోపీని గట్టిగా కొట్టినప్పుడే నిప్పు పుట్టును. సూదియు కమానును బోల్టు అను ఉక్కు గొట్టములో నిమిడి యుండును. ఆ గొట్టములో నూనె చిక్కబడి బంకవలె నున్నచో సూది వేగము తగ్గిపోవును. దెబ్బ మెత్తగా తగులును, టోపీ మీద సన్నని నొక్కుడు మాత్రము పడును, మందు అంటుకొనదు. తుపాకి చెడినదని బాగుచేయువారి యొద్దకు కొనిపోగా, వెచ్చని గదిలో అది చక్కగా పేలి యజమానిని తెల్లబోవజేయును.

నూనె చిక్కబడుటను చూచుటకు కెనడాకు పోనక్కఱలేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గఱనే పేరుకొనును. పుష్యమాసపు ఉదయమున సీసానుండి నూనె దిగక పొయ్యిచెంత నుంచుట ప్రతి యింటను జరుగునదే. భూమినుండి తీయు నూనెలు ఇంత త్వరగా పేరుకొనవు గాని, వానిలో మైనపుజాతి పదార్థము కొంత యుండును. చలి ముదిరినకొలది ఆ మైనము చిన్న చిన్న పలుకులుగా నేర్పడి యొకదానితో నొకటి పెనవేసికొనును. అంతట నూనె పాఱుట మానును. ఏ డిగ్రీ దగ్గఱ పాఱుట మానునో నూనెనుబట్టి మాఱును. ఆముదము మంచి కందెన యని మన వారందఱు ఎఱుగుదురు. 1914-18 సంవత్సరముల యుద్ధములో కొన్ని విమానముల ఇంజనులకు ఆముదమే వాడిరి. అయినను అది స్వభావముచేతనే చిక్కనిది, చలిలో మఱింత చిక్కబడును. కావున శీతల దేశపు తుపాకి సూదికి పనికిరాదు.

పూర్వకాలమున సన్నని యంత్రములకును తుపాకులకును స్పెర్మ్ తిమింగిలము తలనుండి తీసిన నూనెను మిక్కిలి మెచ్చుకొనుచుండిరి. 1982లో అంతర్జాతీయ తిమింగిల సంఘము వ్యాపార నిమిత్తమైన తిమింగిలముల వేటను ఆపవలెనని తీర్మానించెను. దానికి బదులు దొరకదని విచారించిన వారికి నేడు మైనము లేకుండ కృత్రిమముగా తయారుచేయు నూనెలు లభించుచున్నవి. వీనిలో మంచివి సున్నకు దిగువ 50 డిగ్రీలు దాటినను పాఱుచుండును. అమెరికా సైన్యమువారు సయితము అతిశీతలమునకని ప్రత్యేకముగా నొక పలుచని నూనెను ఏర్పఱచుకొనిరి. కొనువారు డబ్బామీది పొగడ్తలను విడిచి, పాఱుట మానెడు డిగ్రీ యేదో చూడవలెను. అది తాము వేటాడు చోటి చలికంటె చాల దిగువ నుండవలెను. పాఱుట మానుటకు ముందే నూనె మందగించును గదా.

ట్రాక్టరు గల రైతులకు ఈ సంగతి క్రొత్త గాదు. ఇంజను నూనె డబ్బాపై 15డబ్ల్యు40 అని యుండును. ఇంగ్లీషులో శీతకాలమను మాటకు మొదటి యక్షరమే ఆ డబ్ల్యు. దాని ముందున్న అంకె యెంత చిన్నదైన ఆ నూనె చలిలో అంత పలుచగా నుండును. 15 అంకె గల నూనెను సున్నకు దిగువ 20 డిగ్రీల యొద్దను, 0 అంకె గల నూనెను 35 డిగ్రీల యొద్దను పరీక్షింతురు.

ఇక నూనెయే లేని కందెన యొకటి గలదు. పెన్సిళ్ళలో వాడు గ్రాఫైటును మెత్తని పొడిగా చేసి, రాపిడి కలుగు చోట్ల చిటికెడు రుద్దుదురు. పొడికి గడ్డకట్టుట యన్నది లేదు. అయితే ఇది తుప్పునుండి కాపాడదు. అల్యూమినియము భాగములున్న తుపాకిలో తేమ తగిలినచో ఆ లోహమును తినివేయును. కావున ఉక్కు తుపాకికి, పొడి చలిలో మాత్రమే ఇది తగును.

ఏ కందెన యెంచుకొన్నను, పాతదానిని పూర్తిగా తీయనిదే ఫలము లేదు. క్రొత్త తుపాకికి కర్మాగారమువారు తుప్పు పట్టకుండ పూసి పంపు చిక్కని కొవ్వు బోల్టు లోపల దాగి యుండును. తోటాలను తీసివేసి, బోల్టును విప్పి, సూదిని కమానును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరనీయవలెను. ఈ పని దీపము చెంతగాని పొయ్యి చెంతగాని చేయరాదు. తరువాత పలుచని నూనెను గుడ్డకు తాకించి, ఆ గుడ్డతో భాగములను తుడిచిన చాలును. వ్రేలితో తాకిన తడి తెలియరాదు. కిరసనాయిలునే కందెనగా వాడు పాతవాడుక యొకటి గలదు. అది చలిలో పాఱును గాని త్వరలో ఆవిరియై ఉక్కును బోడిగా విడుచును.

నూనె కంటె మోసకరమైనది తేమ. వేసవిలో చల్లని నీరున్న చెంబుపై చెమట పట్టుట అందఱు చూచినదే. దినమంతయు చలిలో నుండిన తుపాకిని వెచ్చని యింటిలోనికి తెచ్చినచో దానికిని అట్లే, లోపల వెలుపల, చెమట పట్టును. మఱునాడు వెలుపలికి కొనిపోగా ఆ చెమట మంచుగడ్డయై సూదిని బంధించును. ఎంత మంచి నూనె వాడినను దీనిని తప్పింపజాలదు. కావున అనుభవజ్ఞులు తోటాలు తీసిన తుపాకిని తాళము గల చల్లని కొట్టులో వెలుపలనే యుంచుదురు. లోనికి తేక తప్పనిచో సంచిలో మూసి తెచ్చి, లోపలి వేడికి సమానమగువఱకు సంచి విప్పరు. పిమ్మట విప్పి, తుడిచి ఆరబెట్టుదురు.

1947లో ఏర్పడిన కెనడా రేంజర్లు అను ఉత్తరప్రాంత రక్షకులకు లీ ఎన్‌ఫీల్డు 303 తుపాకులు ఇచ్చిరి. మన పోలీసువారి భుజములపై చిరకాలము కనబడిన త్రీ నాట్ త్రీ ఆ జాతిదే. 2018 మొదలు వానికి బదులు క్రొత్త తుపాకులు ఇచ్చిరి గాని, అవియు చేతితో బోల్టు లాగెడివే. తనంత తాను తోటాను మార్చుకొను తుపాకి, పేలుడువలని బలముతోనే నడువవలెను; నూనె చిక్కబడెనా, ఆ బలము చాలక నడుమ నిలిచిపోవును. చేతి బోల్టు బిగిసినను మనిషి బలముతో లాగవచ్చును.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము వేటను నిషేధించినది. పైరు కాపుదలకు లైసెన్సు పొందిన తుపాకులే రైతుల యొద్ద నుండును. లంబసింగి వంటి చోట్ల చలి సున్నకు దగ్గఱగా వచ్చినను తుపాకి నూనె గడ్డకట్టదు. కాని చేతికందిన కొబ్బరినూనెను, నేతిని పూయుట ఇక్కడను తప్పే. అవిసె నూనె కొయ్యపిడికి మంచిదే గాని, గాలి తగిలి జిగురై ఎండును గనుక సూది దరికి రానీయరాదు.

శీతల దేశమునకు పోవువారు కొన్న నూనెను ముందుగా పరీక్షించుకొనవచ్చును. చిన్న సీసాలో కొంచెము పోసి రాత్రియంతయు వెలుపల నుంచి, తెల్లవాఱి వంచి చూచిన చాలును. తోటా లేదని రెండుమాఱులు చూచుకొని, అట్లే చల్లబడిన తుపాకి మీటను నొక్కినపుడు దెబ్బ స్ఫుటముగా వినబడవలెను. మెత్తగా వినబడినచో మరల కడుగవలెను. వేటకాలము ముగిసి మంచు కరగనారంభించినంతట, పొడిగా నుంచిన ఆ తుపాకికే మరల నూనె పట్టించి దాచవలెను. ఆ తడి దినములలో బోడి ఉక్కు కొలదికాలములోనే తుప్పు పట్టును.